‘ఆ మందు నాకు పడలేదు’: కాలేయం దగ్గర ఈ మాటకు అర్థం ఎంత?

పెదవాల్తేరు, అనువాదకురాలు:
మూలికా మందుల వల్ల కాలేయం దెబ్బతినడాన్ని జంతువుల్లో ఎలా పరీక్షిస్తారన్న వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో హాని రెండు రకాలు. మోతాదు మించితే ఎవరికైనా వచ్చేది ఒకటి. మామూలు మోతాదుకే ఎవరో కొద్దిమందికి మాత్రం వచ్చేది రెండోది. ఈ రెండోదాన్ని ‘ఇడియోసింక్రాటిక్’ అంటారు. దానికి ‘విలక్షణ ప్రతిచర్య’ అని రాశాను కానీ చదివితే ఏమీ అర్థం కావడం లేదు. ఇంకో మాట ఉందా?

భీమిలి, తెలుగు మాస్టారు:
ఉందమ్మా, రోజూ అనేదే. పడదు. ‘వంకాయ నాకు పడదు’, ‘ఆ ఊరి నీళ్లు పడలేదు’. ఇందులో వంకాయ చెడ్డదనీ లేదు, తిన్నవాడిలో లోపమనీ లేదు. ఇద్దరికీ పొసగలేదంతే. మనుషుల మధ్య కూడా ‘వాళ్లిద్దరికీ పడదు’ అంటాం కదా. రెండో రకానికి ‘పడకపోవడం’ అనండి, మొదటిదానికి ‘విషమవడం’ చాలు.

ఎంవీపీ కాలనీ, ఫార్మకాలజీ అధ్యాపకురాలు:
మాస్టారూ, మీరు చెప్పిన తేడాయే ప్రయోగం రూపాన్ని కూడా మార్చేస్తుంది. విషమవడాన్ని చూపించడం తేలిక. జనుముకు దగ్గరి చుట్టాలైన కొన్ని మొక్కల్లో మోనోక్రోటలైన్ అనే విషం ఉంటుంది. దాన్ని కిలో బరువుకు 160 మిల్లీగ్రాముల లెక్కన ర్యాట్‌కు ఒక్కసారి నోటి ద్వారా ఇస్తే, కొద్ది రోజుల్లో కాలేయంలోని సన్న రక్తనాళాల లోపలి పొర ఊడి దారి మూసుకుపోతుంది. మోతాదు పెంచితే హానీ పెరుగుతుంది.

పడకపోవడం అలా కాదు. ఆరోగ్యంగా ఉన్న ర్యాట్‌కు ఎంత పట్టించినా చాలాసార్లు ఏమీ కాదు. చైనా వాళ్లు వాడే హెషౌవూ అనే దుంపతో ఈ చిక్కే వచ్చింది. మనుషుల్లో కేసులు కనిపిస్తున్నాయి, ఎలుకలు మాత్రం బాగానే ఉన్నాయి. అందుకని ముందుగా బ్యాక్టీరియా గోడలోని లైపోపాలీశాకరైడ్‌ను తక్కువ మోతాదులో ఎక్కించి, ఒంట్లో కాస్త వాపు (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించి, ఆ స్థితిలో మందు ఇస్తారు. గుంపులు నాలుగు ఉండి తీరాలి: ఉప్పునీరు, లైపోపాలీశాకరైడ్ ఒక్కటే, మందు ఒక్కటే, రెండూ కలిపి. కాలేయం దెబ్బతింటే రక్తంలో ఏఎల్‌టీ అనే ఎంజైమ్ పెరుగుతుంది. అది నాలుగో గుంపులో మాత్రమే పెరగాలి. రెండో గుంపులోనే పెరిగిందంటే మోతాదు ఎక్కువైనట్టు, ఇక ఆ ప్రయోగంతో ఏమీ తేలదు. లైపోపాలీశాకరైడ్ బలం బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మారుతుంది. కొత్త సీసా తెరిచినప్పుడల్లా చిన్న పరీక్ష చేసి మోతాదు మళ్లీ నిర్ణయించుకోవాలి.

అనువాదకురాలు:
అయితే ‘పడకపోవడం’ అనే రాయనా మేడం?

ఎంవీపీ కాలనీ:
రాయండి. కానీ ‘కాలేయానికి పడకపోవడం’ అని పూర్తిగా రాయండి. ఉత్త ‘పడలేదు’ అంటే దద్దుర్లూ, అజీర్తీ కూడా అందులోకి వచ్చేస్తాయి. ఇంకొకటి. హెషౌవూ పడని చైనా రోగుల్లో హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే జన్యు రూపం ఎక్కువగా కనిపించింది. అది మనిషి జన్యువు, మామూలు ఎలుకలో ఉండదు. కాబట్టి ‘ఎలుకల్లో రుజువైంది’ అనకండి, ‘ఎలుకల్లో పోలిన హాని తెప్పించగలిగారు’ అనండి.

కంచరపాలెం, జంతుశాల పర్యవేక్షకుడు:
అందరూ ‘ఎలుక’ అనేస్తున్నారు, నా అభ్యంతరం అక్కడే. ర్యాట్ వేరు, మౌస్ వేరు. ర్యాట్‌కు పిత్తాశయం ఉండదు, మౌస్‌కు ఉంటుంది. రాత్రంతా మేత లేకుండా ఉంచిన మౌస్‌కు కిలోకు 300 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఇస్తే కాలేయం దెబ్బతింటుంది. ర్యాట్ అంతకు ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. రెండింటికీ ‘ఎలుక’ అని రాస్తే చదివినవాడు ఏ జంతువనుకోవాలి?

మోతాదు లెక్కా మారిపోతుంది. 60 కిలోల మనిషి రోజుకు 3 గ్రాముల సారం తీసుకుంటే కిలోకు 50 మిల్లీగ్రాములు. జంతువు చిన్నదయ్యేకొద్దీ కిలోకు ఎక్కువ మోతాదు కావాలి కాబట్టి, ర్యాట్‌కు దాన్ని 6.2తో హెచ్చిస్తే 310, మౌస్‌కు 12.3తో హెచ్చిస్తే 615. మౌస్ అంకెను ర్యాట్‌కు వేస్తే ఇంచుమించు రెట్టింపు మోతాదు పడుతుంది. తిరగేస్తే సగమే పడి, మందు నిరపాయమని తప్పు మాట బయటికి వెళ్తుంది.

మాస్టారు:
మౌస్‌కు చిట్టెలుక బాగుంటుంది. చుంచు మాత్రం వద్దు. ముక్కు సాగి కంపు కొట్టే జంతువును కూడా చుంచు అంటారు, అది ఎలుక జాతే కాదు. ర్యాట్‌ను ఎలుక అనండి, రెండిటి తేడా మొదటి పేరాలోనే చెప్పేయండి.

కంచరపాలెం:
సరేనండి. ‘బలి ఇచ్చారు’ అని కూడా రాయొద్దని చెప్పండి. ‘శాక్రిఫైస్’ అన్న ఇంగ్లీషు మాటను చూసి అలా రాస్తున్నారు. అక్కడ జరిగేది మత్తిచ్చి, నొప్పి తెలియకుండా ప్రాణం తీయడం. అదే మాట రాయాలి.

అనువాదకురాలు:
మూల వ్యాసంలో మందును ఒకచోట కషాయం, ఒకచోట సారం అన్నారు. రెండింటికీ ‘పసరు’ అని పెట్టాను.

ఎంవీపీ కాలనీ:
వద్దండీ, ఇది పెద్ద తప్పవుతుంది. పసరు అంటే పచ్చి ఆకు నూరి పిండింది, పొయ్యి చూడనిది. కషాయమంటే కాచింది. 10 గ్రాముల పొడికి 160 మిల్లీలీటర్ల నీళ్లు పోసి 20 మిల్లీలీటర్లకు మరగనివ్వడం ఒక పాత లెక్క. సారం అంటే ఆల్కహాల్ లాంటి ద్రావకంతో లాగింది. నీళ్లలోకి దిగని పదార్థాలు ఆల్కహాల్‌లోకి దిగుతాయి. జనం తాగేది కషాయమైతే, ఎలుకకు ఆల్కహాల్ సారం ఇచ్చి వచ్చిన ఫలితాన్ని కషాయానికి అంటగట్టకూడదు.

మొక్క పేరు కూడా చూసుకోండి. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురించినప్పుడు, వాళ్లు వాడింది టైనోస్పోరా కార్డిఫోలియా అనే అసలు తిప్పతీగా, లేక దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పా అనే మొక్కా అన్న వాదన నడిచింది. తెలుగు పేరు పక్కన శాస్త్రీయ నామం తెలుగు లిపిలోనే వేయండి.

మాస్టారు:
పసరు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. పసరు, పసుపు, పసిడి, పచ్చ అన్నీ ఒకే ధాతువు పిల్లలు. మనకు ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. కామెర్లకు పసరికలనే పేరు కూడా ఉంది. మందు పేరూ జబ్బు పేరూ ఒక తల్లి బిడ్డలు కావడం ఎంత బాగుందో చూడండి.

అనువాదకురాలు:
వాక్యం ఇలా మార్చాను: ‘ఈ మూలిక కషాయం విషమై కాలేయాన్ని దెబ్బతీస్తుందా, లేక కొందరి కాలేయానికి పడకపోవడమా అన్నది తేల్చడానికి, ముందు స్వల్పంగా వాపు తెప్పించిన ఎలుకలకు దాన్ని నోటి ద్వారా ఇచ్చి, రక్తంలో ఏఎల్‌టీ కొలిచారు.’

కంచరపాలెం:
‘వాపు తెప్పించిన ఎలుకలకు, తెప్పించని ఎలుకలకు’ అని రెండూ రాయండి. పోలిక లేకపోతే తేలేది ఏముంది?