మామిడిపై బదనిక: తెచ్చే పిట్టను తరమాలా, బదనికను కొయ్యాలా?

లంకతోట (అంబాజీపేట దగ్గర) అడిగిన ప్రశ్న

మా కొబ్బరితోట గట్ల మీద తాతల నాటి కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ రకాల మామిడి చెట్లు ఉన్నాయి. కొన్నేళ్లుగా వాటి పై కొమ్మల్లో బదనిక (చెట్టు మీదే పెరిగే పరాన్న మొక్క) బాగా ముదురుతోంది. బదనిక పట్టిన చోట కొమ్మ కణుపులా ఉబ్బుతుంది, అక్కడి నుంచి చివరి వరకు ఆకు పలచబడి, కాపు తగ్గి, క్రమంగా ఎండిపోతోంది. ఆ గుబుర్లలోనే బొటనవేలంత పిట్ట ఒకటి రోజంతా ‘చిక్ చిక్’ అంటూ తిరుగుతుంటుంది. పైన బూడిద కలిసిన ఆకుపచ్చ, కింద మాసిన తెలుపు, కొద్దిగా వంగిన లేత గులాబీ ముక్కు, ఇంతకు మించి దానికి అలంకారమేమీ లేదు. బదనికను చెట్టు నుంచి చెట్టుకు మోసేది ఇదేనని, వడిసెలతో కొట్టడమో వల కట్టడమో చేయమని ఊళ్లో పెద్దలు చెబుతున్నారు. అంత చిన్న ప్రాణిని కొట్టడానికి నాకు మనసొప్పడం లేదు. చెట్లను పోగొట్టుకోవడమూ ఇష్టం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

గౌతమిపాయ జవాబు

మీరు వర్ణించిన పిట్టను పక్షి పరిశీలకులు పేల్ బిల్డ్ ఫ్లవర్‌పెకర్ అంటారు. పొడవు సుమారు 8 సెంటీమీటర్లు. మన దేశంలోని అతి చిన్న పక్షుల్లో ఇదొకటి. పెద్దలు చెప్పినట్టు బదనిక గింజను మోసేది ఇదే, అయితే ఆ మోసే తీరును దగ్గరగా గమనిస్తే మీరు చేయవలసిన పని ఏమిటో కూడా అందులోనే తెలుస్తుంది.

బదనిక పండులో గింజ చుట్టూ బంక ఉంటుంది. పిట్ట పండును మింగగానే అది కందనకాయలో నలగకుండా దాదాపు నేరుగా పేగులోకి జారుతుంది. పురుగును తిన్నప్పుడు మాత్రం కందనకాయ పని చేస్తుంది. పండు విషయంలో గుజ్జు మాత్రమే అరిగి, గింజ కొద్ది నిమిషాల్లోనే చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. బంక వల్ల అది తోక కింద తీగలా వేలాడుతుంది కాబట్టి, దాన్ని వదిలించుకోవడానికి పిట్ట కొమ్మకు అడ్డంగా తిరిగి, వెనుక భాగాన్ని బెరడుకు రాస్తుంది. గింజ అక్కడే అతుక్కుని, నేల తగలకుండానే మొలకెత్తి, చూషకాలను (పీల్చుకునే వేళ్లలాంటి భాగాలను) బెరడులోంచి కలపలోకి దించుతుంది. పచ్చని ఆకులున్నందున బదనిక తన ఆహారాన్ని తానే చేసుకోగలదు గానీ నీరు, ఖనిజ లవణాలు చెట్టువే. కణుపు దాటిన కొమ్మ ఎండడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బదనిక పూలు నారింజ ఎరుపు గొట్టాల్లా ఉంటాయి. పక్వానికి వచ్చిన మొగ్గ కొసను ముక్కుతో నొక్కితే గొట్టం ఒక్కసారిగా చీలి, పుప్పొడి పక్షి ముఖాన చిమ్ముతుంది. ఈ పనిలో తేనెపిట్టలకూ వాటా ఉంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లోనే కొంకణ ప్రాంతపు బదనిక వ్యాప్తిలో ఈ రెండు రకాల పిట్టల పాత్ర గురించి ప్రత్యేకంగా వ్యాసం రాశారు. కాబట్టి మీ తోటలో జరుగుతున్నది కొత్త చీడ కాదు, ఎంతోకాలంగా కలిసి బతుకుతున్న రెండు ప్రాణుల వ్యవహారం.

కాకినాడ పక్షి మిత్రుడు జవాబు

పై సమాధానానికి కొంత చేరుస్తాను. ఈ ఫ్లవర్‌పెకర్ కుటుంబంలో దాదాపు 50 జాతులు ఉన్నాయి. భారత ఉపఖండం నుంచి ఫిలిప్పీన్స్, న్యూగినీ, ఆస్ట్రేలియా వరకు ఇవి విస్తరించి ఉన్నాయి, వాటిలో చాలా వాటికి వానలు విస్తారంగా కురిసే అడవుల పైకప్పే ఇల్లు. అంత ఎత్తులో అంత చిన్న పక్షిని చూడటం ఎంత కష్టమో బోర్నియో దీవి ఉదాహరణ చెబుతుంది. అక్కడి డానమ్ లోయలో 2009లో, సుమారు 35 మీటర్ల ఎత్తున చెట్టు మీది బదనిక పండ్లు తింటున్న ఒక బూడిద రంగు పిట్ట కనబడింది. కంటి చుట్టూ విరిగిన తెల్లని వలయం ఉన్న ఆ పిట్ట అప్పటిదాకా శాస్త్రానికి తెలియనిది. నమూనా చేతికి దొరికి, ఆ దీవి ఆదివాసులైన దయాక్ ప్రజల పేరు మీద దానికి శాస్త్రీయ నామం పెట్టేసరికి 2019 వచ్చింది. పదేళ్లపాటు దూరం నుంచి చూడటమూ ఫొటోలు తీయడమూ తప్ప మరో దారి లేకపోయింది. అక్కడి వారు అంత శ్రమపడి చూసే పక్షికి దగ్గరి బంధువు మన గట్టు మీది మామిడిలో, ఇంటి ముందు సింగపూర్ చెర్రీ చెట్టులో తిరగడం మనకు దక్కిన భాగ్యం అనే నేను భావిస్తాను.

కొట్టడం విషయం స్పష్టంగా చెబుతున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పిట్టకు వర్తిస్తుంది. పైగా కొట్టినా ఫలితం ఉండదు. బదనిక పండు ఉన్నంత కాలం పక్క తోట నుంచి మరో జంట వస్తుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇవి సాలెగూడు దారాలు, మెత్తని నార కలిపి కొమ్మ చివర చిన్న సంచిలాంటి గూడు కడతాయి. ఆ నెలల్లో వల కడితే పిల్లలు కూడా పోతాయి.

లంకతోట

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. పిట్ట జోలికి వెళ్లను. అయితే బదనికను ఏ సమయంలో, ఎలా తీయాలి? నిరుడు కూలీలు చేత్తో విరిచి లాగేశారు, కానీ అదే చోట మళ్లీ గుబురుగా వచ్చింది.

రావులపాలెం రైతు జవాబు

చేత్తో లాగితే పైన కనిపించేది మాత్రమే వస్తుంది, కలపలోకి దిగిన చూషకాలు అలాగే ఉండి మళ్లీ చిగురిస్తాయి. మందుల జోలికి వెళ్లే ముందు కత్తిరింపు సరిగ్గా చేయించండి. బదనిక అతుక్కున్న చోటికి ఒక అడుగు దిగువన, అంటే చెట్టు మాను వైపున, కొమ్మను రంపంతో కోయించి, కోత ముఖానికి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయించాలి. బరువైన కొమ్మ అయితే ముందు కింది వైపు చిన్న గంటు పెట్టి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. మానుకే పట్టి ఉంటే మాను కొయ్యలేము కాబట్టి, చిగురు కనబడ్డ ప్రతిసారీ తీయించడమే మార్గం.

సమయం అన్నిటికంటే ముఖ్యం. బదనిక పూత మీద ఉన్నప్పుడు ఎర్రని పూలు కింది నుంచే కనిపిస్తాయి, అప్పుడే గుర్తు పెట్టుకుని కాయ పండకముందే కోయించండి. పిట్టకు పండు దొరక్కపోతే గింజ వేరే కొమ్మకు చేరదు. మీ చెట్లు మాత్రమే శుభ్రం చేసుకుని పక్క గట్టు వదిలేస్తే ఫలితం సగమే వస్తుంది, అందుచేత ఇరుగుపొరుగు రైతులతో మాట్లాడి ఒకేసారి చేయించండి. ముసలి చెట్లలో గాలి, వెలుతురు సోకేలా లోపలి కొమ్మలు పలచన చేయిస్తే కొత్త మొలక తొందరగా కంటబడుతుంది.

వృక్షశాస్త్రం టీచరు, రాజోలు

ఒక విన్నపం. కాపునిచ్చే చెట్ల మీద తీయించండి, కానీ కాలువ గట్టు మీది పనికిరాని చెట్టుపై ఒకటి రెండు గుబుర్లుంటే, మీ మామిడికి దూరమైతే, వదిలేయండి. పసుపు, ఎరుపు మచ్చలున్న కామన్ జెజెబెల్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది బదనిక ఆకుల మీదే, దాని పురుగులకు అదే మేత. తేనెపిట్టలకు కూడా ఆ పూలు అవసరం.

కోసిన కొమ్మల్లో పండిన కాయలు గనక ఉంటే వాటిని మామిడి కిందే కుప్ప వేయవద్దు. అక్కడికి కూడా పిట్ట వచ్చి తిని, ఎదురుగా ఉన్న కొమ్మకే గింజను రాస్తుంది. అదే రోజు తోట దాటించి, గుంతలో పూడ్పించండి.