వీడ్కోలు చెప్పేది ఎవరు, తీసుకునేది ఎవరు?

కొర్లగుంట, తిరుపతి:

తెలుగు మాటల గుంపులో అందరికీ నమస్కారం. పద్యమో శాసనమో తేకుండా ఫుట్‌బాల్ బ్యానర్ పట్టుకొని వచ్చానని పెద్దలు విసుక్కోవద్దు. గొడవ మాట గురించే.

2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కువైట్‌తో మన జట్టు మ్యాచ్. మన ఫుట్‌బాల్ కెప్టెన్ సునీల్ ఛెత్రీకి అదే ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్ అని మే 16నే చెప్పేశాడు. 2005 జూన్‌లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద తొలి మ్యాచ్‌లోనే గోలు కొట్టినవాడు. ఈ మ్యాచ్ నాటికి 150 మ్యాచ్‌లు, 94 గోల్స్. (గోలుకు తెలుగు బహువచనం రాస్తే వేలి గోళ్ళయిపోతాయి, అందుకే గోల్స్ అంటున్నాను.) పుట్టింది మన సికింద్రాబాదులో, తండ్రి సైన్యంలో ఉండగా. అంతకు మించి తెలుగువాడు కాడు, అయినా మాకు ఆ మాత్రం చాలు.

తిరుపతిలో క్రికెట్‌కు వీధికో జట్టు ఉంటుంది. ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళం మాత్రం పదకొండు మందిమి తేలాం, సరిగ్గా ఒక జట్టుకు సరిపడా, మార్చడానికి ఒక్కడు కూడా మిగలకుండా. మా మేడ మీద తెర కట్టి చూద్దామనుకున్నాం. పాత పంచె మీద నీలిరంగు పెయింటుతో బ్యానర్ రాసే పని నాకు పడింది, తెలుగు గుంపులో ఉన్నానన్న నేరానికి. "వీడ్కోలు" అని మొదలుపెట్టాను. డకారం కింద కవత్తు పెట్టేసరికి పెయింటు జారి దాని తోక జానెడు కిందికి దిగింది. "వీడ్కో" దగ్గరే పంచె సగానికి పైగా అయిపోయింది. "లు" రెండో వరుసలోకి పోయి ఛెత్రీ పక్కన నిలబడింది.

అప్పుడు మా పెద్దనాన్న మెట్లెక్కి వచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. గంగ జాతరలో తప్ప జనం గుంపుగా అరిస్తే ఆయనకు గిట్టదు. పంచెను ఒకసారి చూసి, "ఎవరు పోయారు?" అన్నారు.

ఎవరూ పోలేదు, ఒకాయన ఆట మానేస్తున్నాడు అన్నాను.

"బతికున్నవాడికి వీడ్కోలు రాస్తారా? పోయి రా అని రాయండి."

రాయలేదు. చోటూ లేదు, పెయింటూ లేదు. కానీ ఆ మాట నన్ను వదలలేదు. నా సందేహాలు రెండు. వీడ్కోలుకు నిజంగానే పాడె వాసన ఉందా, లేక అది పత్రికలు అంటించిందా? రెండోది, వీడ్కోలు అనే పని ఎవరిది? ఛెత్రీ మాకు చెప్పాడా, మేము ఛెత్రీకి చెప్పామా?

గిరింపేట, చిత్తూరు (తెలుగు పండితురాలు, విశ్రాంతి):

నాయనా, రెండో ప్రశ్న మంచిది, ముందు దాన్ని చూద్దాం. వీడు అనే క్రియకు విడిపోవడమని అర్థం. ముడి వీడింది, చిక్కు వీడింది. దానికి కొను చేరితే వీడుకొను. కొను చేరిన చోట పని తాలూకు ఫలం చేసినవాడికే దక్కుతుంది: వండుకున్నాడు, రాసుకున్నాడు. కాబట్టి పాత వాడుకలో వీడుకొనేది బయలుదేరేవాడే. రాజును వీడుకొని వెళ్ళాడు అంటే, చెప్పి అనుమతి పుచ్చుకొని వెళ్ళాడని. ఉండిపోయేవాళ్ళు చేసే పనికి వేరే క్రియ ఉంది: వీడుకొలుపు. మేలుకొను, మేలుకొలుపు అనే జంట చూడు. కొండ మీద స్వామి మేలుకొంటాడు, సుప్రభాతం మేలుకొలుపుతుంది. అదే లెక్క.

వీడుకొను నుంచి వీడుకోలు, మధ్య ఉకారం జారి వీడ్కోలు. రెండూ సరైనవే. వీడుకోలు అని రాసి ఉంటే ఆ వత్తు తిప్పలు తప్పేవి నీకు. పెళ్ళిలో ఎదురుకోలు ఉంటుంది కదా, మగపెళ్ళివారికి పానకం ఇచ్చి లోపలికి తీసుకురావడం. దానికి ఇది తోబుట్టువు. వేడుకోలు, కొనుగోలు కూడా ఆ ఇంటివే.

కచ్చితంగా మాట్లాడితే ఆ రాత్రి వీడుకొన్నది ఛెత్రీ, వీడుకొలిపింది మీరు. కానీ ఈ రోజుల్లో ఆ తేడా ఎవరు పాటిస్తున్నారు? ఆటగాడు ఆటకు వీడ్కోలు పలికాడంటారు, అభిమానులు ఆటగాడికి వీడ్కోలు పలికారంటారు. ఒకే మాట ఇద్దరి నోటా. దాన్ని నేను తప్పనను.

చంద్రగిరి:

మొదటి ప్రశ్నకు నేను దోషిని. ఇరవై ఏళ్ళు ఒక పత్రిక డెస్కులో శీర్షికలు పెట్టాను. అంత్యక్రియల వార్త వస్తే చేతికి తగిలేవి రెండే మాటలు: కన్నీటి వీడ్కోలు, తుది వీడ్కోలు. మరుసటి రోజు ఎవరైనా ఆట మానేస్తే "టెస్టులకు వీడ్కోలు". రిటైర్మెంట్ ప్రకటన అని పెడితే ఒక కాలమ్‌లో పట్టదు, వీడ్కోలు పడుతుంది. మీ పెద్దనాన్నగారు పేపర్ చదివే మనిషి అయి ఉంటారు. ఆయన చెవిలో ఆ ముందున్న "తుది" మిగిలిపోయింది, అంతే. మాటది తప్పు లేదు.

మేము ఇంతకంటే అన్యాయం చేసిన మాట ఒకటుంది, ఉద్వాసన. పూజలో ఆవాహనతో దేవుణ్ణి పిలుస్తాం, చివర ఉద్వాసన చెప్పి పంపుతాం. వినాయక చవితి నాడు పురోహితుడు పత్రి అంతా ఒక పక్కకు తీసి, ప్రతిమను ఉత్తరం వైపు కొద్దిగా కదిపి చెప్పే మంత్రం గుర్తుందా? దాని చివర "పునరాగమనాయ చ" అని ఉంటుంది. మళ్ళీ రావడానికే సుమా అని. అంత మర్యాద గల మాటను తెచ్చి మేము మంత్రికి ఉద్వాసన, కోచ్‌కు ఉద్వాసన అని పెట్టాం. మెడపట్టి గెంటడానికి పర్యాయపదం చేశాం.

మీ కథలోనే అదీ ఉంది. ఛెత్రీ ఆఖరి మ్యాచ్ 0-0. తర్వాత జూన్ 11న ఖతార్ చేతిలో 2-1తో ఓడి ప్రపంచ కప్ అర్హత పోటీల నుంచి మన జట్టు బయటపడింది. జూన్ 17న కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు. పదకొండు రోజుల తేడాలో ఒకరికి వీడ్కోలు, ఒకరికి ఉద్వాసన. నేను డెస్కులో ఉండి ఉంటే సరిగ్గా అలాగే పెట్టేవాణ్ణి. దేవుడికి చెప్పే మాట కోచ్‌కు, అంత్యక్రియల వార్తలో మాట ఆటగాడికి.

నగరి:

సెలవు అనే మాటను మరిచిపోయారు. ఇక సెలవు. సెలవు తీసుకొనేవాడు వెళ్ళేవాడు, సెలవిచ్చేవాడు ఉండేవాడు. ఇక్కడ ఎవరి పని ఎవరిదో టీచర్ గారు వెదుక్కోనక్కర లేదు.

కానీ మా వైపు ఒక చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తమిళంలో సెలవు అంటే ఖర్చు. సెల్ అంటే వెళ్ళడం. చేతిలోంచి వెళ్ళిపోయింది కాబట్టి ఖర్చు. మా అవ్వ తెలుగులోనే "పెళ్ళికి ఎంత సెలవైంది?" అని అడిగేది. మీరు "సెలవు ఛెత్రీ" అని రాసి ఉంటే ఆమె బ్యానర్ చూసి డబ్బులెంత పోశారురా అనేది.

పోయి రా అన్న మాట మాత్రం మాకు రెండు పక్కలా ఉంది. తమిళంలో పోయిట్టు వరేన్, కన్నడంలో హోగి బర్తీని. మూడింట్లోనూ పోయి వస్తాను అనే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో గానీ, గడప దాటేవాడి చేత తిరిగి వస్తానని ముందే మాట తీసుకుంటారు.

తిరుచానూరు రోడ్డు:

నా పుట్టిల్లు తెనాలి, మెట్టినిల్లు తిరుపతి. పెళ్ళైన కొత్తలో మా ఆయన ఊరికి బయలుదేరుతుంటే మా అత్తగారు గుమ్మంలో నిలబడి "పోయి రా నాయనా" అన్నారు. నాకు గుండె ఆగినంత పనయింది. మా వైపు మనుషులు వెళ్తారు, పోతే తిరిగి రారు. మా అమ్మ "వెళ్ళి రా" అనేది, "పో" అన్న అక్షరం గుమ్మం దగ్గర పలకనిచ్చేది కాదు. ఇక్కడేమో బడికి పోతారు, గుడికి పోతారు, కొండకు పోతారు, అందరూ క్షేమంగానే వస్తారు.

పెద్దనాన్నగారి రెండు వాక్యాలూ మళ్ళీ చూడండి. "ఎవరు పోయారు?" "పోయి రా." ఒకటే క్రియ. మొదటి దానిలో చావు, రెండో దానిలో దీవెన. మధ్యలో ఉన్న తేడా "రా" ఒక్కటే.

కొర్లగుంట, తిరుపతి:

అక్కా, ఇన్నాళ్ళూ ఆ రెండు వాక్యాలు వేరు వేరు అనుకున్నాను.

మన భాషకు అయిపోయిందనడం ఇష్టం ఉండదు. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. (మా ఊళ్ళో కొండెక్కడం రోజువారీ పని కాబట్టి చిన్నప్పుడు నాకు ఆ మాట అర్థమయ్యేది కాదు. దీపం ఏ బస్సులో ఎక్కింది అని అడిగేవాణ్ణట.) వెళ్తాను అన్న మాటను వెళ్ళొస్తాను అని పూర్తి చేస్తే గానీ ఇంట్లోవాళ్ళు తలుపు దగ్గరి నుంచి కదలరు. వీడ్కోలులో ఆ రెండో సగం లేదు. ఆయనకు అదే లోటుగా తోచిందేమో.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. 2025 మార్చిలో ఛెత్రీ తిరిగి వచ్చాడు. మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0, అందులో ఒకటి అతని తల తగిలి పడిన గోలు, 95వది. ఆ రాత్రి పెద్దనాన్నకు ఫోనులో చూపించాను. కళ్ళజోడు సర్దుకొని చూసి "నేను చెప్పలేదూ" అన్నారు. ఆయన నిజానికి ఏమీ చెప్పలేదు, ఒక క్రియాపదం సూచించారు. కానీ ఇప్పుడు ఇంట్లో అది జోస్యంగా చెలామణి అవుతోంది.

భవానీనగర్:

అన్నా, జోస్యమూ లేదు, పదమహిమా లేదు. 2024లో మన జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు. షిల్లాంగ్‌లో వచ్చినది 2023 నవంబరు తర్వాత మొదటి గెలుపు. గోలు కొట్టేవాడు దొరక్క నలభై ఏళ్ళ మనిషిని వెనక్కి పిలిచారు. సంతోషించవలసిన విషయమేనా ఇది? ఇంట్లో బియ్యం నిండుకుంటే పక్కింటికి చేట పంపినట్టు ఉంది.

ఇక మీరు మాట్లాడేదంతా ఆట మానేసేవాడి గురించి. ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కు పోయేవాడికి ఈ మాటలేవీ అతకవు. దానికి తెలుగులో మంచి మాట అప్పగింతలు. పిల్ల ఎక్కడికీ మాయం కాదు, బాగానే ఉంటుంది, కానీ రేపటి నుంచి మన ఇంటిది కాదు. 2021 ఆగస్టు 8న బార్సిలోనా క్లబ్‌ను వదిలిపోతూ మెస్సీ మైకు ముందు నిలబడి మాట రాక ముక్కు తుడుచుకున్నాడు చూడండి, అది వీడ్కోలు ముఖం కాదు, అప్పగింతల ముఖం. పదమూడో ఏట ఆ ఇంటికి వచ్చినవాడు.

లండన్ క్లబ్ టోటెన్‌హామ్ నుంచి కొరియా ఆటగాడు సన్ హ్యూంగ్‌మిన్ వెళ్ళిన తీరు ఇంకా బాగుంటుంది. పదేళ్ళు ఆడి, 2025 మేలో యూరోపా లీగ్ కప్పు ఎత్తి, ఆగస్టు 3న ఆ జట్టు తరఫున ఆఖరి మ్యాచ్ ఆడాడు. ఎక్కడ? లండన్‌లో కాదు, సియోల్‌లో, సొంత దేశంలో. న్యూకాజిల్‌తో స్నేహపూర్వక మ్యాచ్. అతన్ని మార్చి బయటకు పిలిచినప్పుడు రెండు జట్ల వాళ్ళూ వరుసలో నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పగింతలు జరిగేది పుట్టింట్లోనే కదా. అక్కడి నుంచి నేరుగా లాస్ ఏంజిలిస్ అత్తవారింటికి.

గిరింపేట, చిత్తూరు:

అప్పగింతలు బాగుంది. కానీ బాబూ, అప్పగింతల్లో పిల్లను అత్తగారి చేతిలో పెట్టి, పాలలో చేతులు ముంచి, మా బిడ్డను బాగా చూసుకోండి అని చెప్పే తల్లిదండ్రులు ఉంటారు. ఫుట్‌బాల్‌లో ఆ పని ఎవరు చేస్తారు? అభిమానులా? వాళ్ళు రెండో రోజు నుంచే ఆ అత్తవారి జట్టును తిట్టరా?

భవానీనగర్:

టీచర్ గారూ, వియ్యాలవారిని తిట్టనిది ఎవరు?

నగరి:

ఇంతకీ ఆ పంచె ఉందా? ఛెత్రీ కాకపోతే ఇంకో ఆటగాడు ఆపేసే రోజు ఎలాగూ వస్తుంది. అప్పుడేమి రాస్తారు?

కొర్లగుంట, తిరుపతి:

ఉంది. అటక మీదే ఉంది. ఈ చర్చ చదివాక నిన్న దింపి చూశాను. వెనక్కి తిప్పి "పోయి రా" అని రాద్దామనుకున్నాను, రెండే మాటలు, చోటు సరిపోతుంది. కానీ ఆ రోజు పెయింటు చిక్కగా వేశానేమో, అంతా ఇటువైపుకు దిగింది. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి, కవత్తు తోక మాత్రం ఎడమకు వంగి ఉంది. ఉతికితే పోతుందా అని అమ్మను అడిగాను. కిరసనాయిలు పెట్టి రుద్దమంది. పెద్దనాన్న మాత్రం కొత్త పంచె ఇస్తానంటున్నారు, ఈసారి ఏమి రాయాలో ముందు తనకు చెప్పాలన్న షరతు మీద.