అమెరికా కాలేజీ ఆటగాళ్లకు జీతం ఇవ్వాలా? ఇవ్వాలనే నా వాదన

పెన్నా ఒడ్డు:

పోయిన శనివారం మా ఇంట్లో భోజనాలయ్యాక ఈ విషయం మీద మొదలైన మాట రాత్రి పన్నెండు దాకా నడిచింది. "చదువు ఉచితం, హాస్టల్ ఉచితం, తిండి ఉచితం. ఇంకా జీతం కూడా ఎందుకు?" అని వచ్చిన ముగ్గురూ ఒకే మాట మీద నిలబడ్డారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

ఇండియాలో ఉండి చదివేవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్), బాస్కెట్‌బాల్ మన ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లా ఉండవు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేలకు పైగా సీట్లున్నాయి, మ్యాచ్ ఉన్న రోజు అవన్నీ నిండుతాయి. బిగ్ టెన్ అనే ఒక్క యూనివర్సిటీల కూటమి 2022లో ఏడేళ్లకు టీవీ హక్కులు అమ్మితే 700 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. ఈ ఆటలన్నిటినీ నడిపించే సంస్థ ఎన్‌సీఏఏ. ఆటగాడికి స్కాలర్‌షిప్ తప్ప రూపాయి ముట్టకూడదన్నది దశాబ్దాల పాటు దాని నియమం.

ఆ నియమం ఇప్పుడు సగం కూలింది. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకునే ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాల్లో కుదిరిన ఒక పెద్ద రాజీ ఒప్పందాన్ని 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. దాని ప్రకారం 2016 తర్వాత ఆడినవాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఇక నుంచి ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. అయినా ఆటగాడిని "ఉద్యోగి" అనడానికి మాత్రం ఎన్‌సీఏఏ, యూనివర్సిటీలు ఒప్పుకోవడం లేదు. నా గొడవంతా ఆ ఒక్క మాట గురించే.

ఆ మాటను ఎందుకు తప్పించుకుంటున్నారో చరిత్రలో ఉంది. 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ ఏ అండ్ ఎం అనే కాలేజీ తరఫున ఆడుతూ రే డెనిసన్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడికి వచ్చే పరిహారం తమకూ ఇవ్వాలని భార్య అడిగింది. కాలేజీ ఏమీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదంటూ 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది. "స్టూడెంట్ అథ్లెట్" అనే పేరు ఆ రోజుల్లోనే పుట్టింది. ఇలాంటి దావాల భయంతో ఆ పేరును తామే తయారు చేసి అన్నిచోట్లా వాడించామని అప్పట్లో ఎన్‌సీఏఏను నడిపిన వాల్టర్ బయర్స్ తర్వాత స్వయంగా రాశాడు. అంటే ఆ పేరు పుట్టింది చదువు మీద ప్రేమతో కాదు, ఒక విధవరాలికి పరిహారం ఇవ్వాల్సి వస్తుందనే భయంతో.

ఇక నేను కళ్లారా చూసింది. 2013లో ఎంఎస్ చేస్తూ ఖర్చుల కోసం మా యూనివర్సిటీ ఆటల విభాగంలో గంటల లెక్కన ట్యూటర్‌గా పనిచేశాను. ఒక ఫుట్‌బాల్ కుర్రాడికి స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. తెల్లవారుజామున ఐదున్నరకు జిమ్, తర్వాత క్లాసులు, మధ్యాహ్నం ప్రాక్టీస్, సాయంత్రం ఎదుటి జట్టు వీడియోలు, రాత్రి ఎనిమిదికి నా దగ్గరికి. లెక్క మధ్యలోనే తల వాల్చి నిద్రపోయేవాడు. ఇంజనీరింగ్ చదవాలని వచ్చాడు. ల్యాబ్ టైం, ప్రాక్టీస్ టైం ఒకటే కావడంతో బ్రాంచి మార్చుకున్నాడు. అక్టోబరులో మోకాలు చితికింది. మరుసటి ఏడాదికి స్కాలర్‌షిప్ పొడిగించలేదు. అతను సామాన్లు కారులో పెట్టుకుంటుంటే నేనూ వెళ్లి రెండు పెట్టెలు మోశాను. వాళ్లమ్మ నన్ను పట్టుకుని "మీరు వాడికి చాలా సాయం చేశారు బాబూ" అంది. నేను చేసిన సాయం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే అడుగుతున్నాను. చదువే జీతమైతే, కాలు విరగ్గానే ఆ జీతం ఆగిపోవడం ఏ ధర్మం?

శాంతినగర్ మాస్టారు:

బాబూ, నీ బాధ అర్థమైంది. నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర వర్జీనియాలో ఉంటున్నాను. అయినా నేను నీతో ఏకీభవించలేను.

నువ్వు చెప్పిన కోట్లన్నీ పై వరస యూనివర్సిటీలవి. వాటి కింద వందల కాలేజీల్లో ఆటల విభాగానికి రాబడి కన్నా ఖర్చే ఎక్కువ. ఆ లోటు ఎవరు పూడుస్తున్నారు? మామూలు విద్యార్థులు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ప్రతి విద్యార్థి ఫీజులో అథ్లెటిక్ ఫీజు కలిపే ఉంటుంది. మన ఊళ్ల నుంచి అప్పు చేసి ఎంఎస్‌కు వచ్చిన పిల్లవాడు ఒక్క మ్యాచ్ కూడా చూడకుండా ఆ ఫీజు కడుతున్నాడు. ఆటగాళ్లకు జీతాలు మొదలైతే ఆ భారం ఎవరి మీద పడుతుంది? టెనెసీ యూనివర్సిటీ వాళ్లు 2025 ఫుట్‌బాల్ టికెట్ల మీద ఆటగాళ్ల కోసమే 10 శాతం అదనంగా వేశారు. అది ప్రేక్షకుడి మీద. తర్వాతి వంతు విద్యార్థిది.

ఇంకో మాట. డబ్బు తెచ్చేవి రెండు ఆటలు. ఈత, కుస్తీ, జిమ్నాస్టిక్స్, పరుగు వాటి నీడలో బతుకుతున్నాయి. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ ఈత జట్లను ఎత్తేసింది. ఈ రాజీ ఒప్పందం వల్ల పడే భారాన్ని కూడా కారణంగా చెప్పింది. అదే నెలలో పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ యూనివర్సిటీ, బాస్కెట్‌బాల్‌లో జాతీయ టోర్నమెంటు ఆడి వచ్చిన కొద్దిరోజులకే, పై డివిజన్ వదిలి స్కాలర్‌షిప్పులే లేని మూడో డివిజన్‌కు వెళ్తామంది. ఒకరికి జీతం ఇవ్వడం కోసం పదిమందికి ఈతకొలను మూసేస్తే ఒక పీడీగా నేను చూస్తూ ఊరుకోలేను. ఆడపిల్లల సంగతి సరేసరి. 1972లో చదువుల్లో ఆడ, మగ తేడా చూపకూడదనే టైటిల్ నైన్ చట్టం రాబట్టే వాళ్లకు మైదానం దొరికింది. మార్కెట్ లెక్కన పంచితే వాళ్ల వాటా ఎంతో ఆ 280 కోట్ల పంపకమే చెబుతోంది. అందులో ఎక్కువ భాగం మగపిల్లల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే.

కారీ నుంచి:

మాస్టారూ, ఆడపిల్లల గురించి మీరన్నది ముమ్మాటికీ నిజం. ఆ కారణంతోనే కొందరు క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్లారు.

కానీ "చదువు ఇస్తున్నాం" అనే వాదన మీద నాకు నమ్మకం పోయింది. మేముండేది నార్త్ కరోలినాలో. ఇక్కడి చాపెల్ హిల్ యూనివర్సిటీలో 18 ఏళ్ల పాటు క్లాసే జరగని కోర్సులు నడిచాయని 2014లో విచారణ నివేదిక బయటపెట్టింది. ఒక పేపర్ రాసిస్తే చాలు, మంచి గ్రేడు. 3,100 మందికి పైగా విద్యార్థులు వాటిలో చేరితే దాదాపు సగం మంది ఆటగాళ్లే. అంత మంచి పేరున్న చోటే అలా జరిగింది. జీతానికి బదులు చదువు ఇస్తామని చెప్పి, ఆ చదువునూ ఎగ్గొట్టారు.

పెన్నా ఒడ్డు:

మాస్టారు గారూ, విద్యార్థి ఫీజు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఎంఎస్ పిల్లల దగ్గర ఒక్క డాలరు కూడా ఆటగాళ్ల జీతానికి తీసుకోకూడదు. రాబడి ఉన్న ఆటలోంచే జీతం రావాలి.

ఈతకొలను మూతకు మాత్రం కారణం ఆటగాడి జీతమేనని నేను ఒప్పుకోను. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తమ ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసింది. కాంట్రాక్టు ప్రకారం అతనికి కట్టాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైగా. పనిచేసినందుకు కాదు, పనిలోంచి తీసేసినందుకు! అక్కడ మాత్రం కాంట్రాక్టంటే కాంట్రాక్టే. అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌గా నిక్ సేబన్ జీతం ఏడాదికి 1.1 కోట్ల డాలర్లు దాటింది. ఆటగాడికి ఇవ్వకూడదన్నప్పుడు మిగిలిన డబ్బంతా కోచ్‌ల జీతాల్లోకి, పాలరాతి లాకర్ రూముల్లోకి వెళ్లింది. ఆ రోజుల్లోనూ చిన్న ఆటలను ఎత్తేస్తూనే ఉన్నారు. 2021 జూన్‌లో ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. పనివాళ్లకు సరైన వేతనం ఇవ్వకపోవడమే మా సరుకు ప్రత్యేకత అని అమెరికాలో మరే వ్యాపారమూ చెప్పి తప్పించుకోలేదని ఆ రోజు జస్టిస్ కావనా విడిగా రాశారు. ఆయనేమీ కార్మిక పక్షపాతి అని పేరున్న జడ్జి కాదు.

టెన్నిస్ అమ్మ:

మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. మేముండేది హైదరాబాద్‌లో. మా అమ్మాయి టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో రెండో సంవత్సరం చదువుతోంది, ఎఫ్-1 (విద్యార్థి) వీసా. మీరు రాసే కోట్లు మా కళ్లకు కనిపించవు. కానీ ఒక చిన్న సంగతి చెప్పాలి.

తన డబుల్స్ పార్ట్‌నర్ అక్కడి పౌరురాలు. ఒక బట్టల కొట్టు కోసం ఇన్‌స్టాలో పోస్టులు పెట్టి నెలకు కొంత సంపాదిస్తోంది. అదే కొట్టువాళ్లు మా అమ్మాయినీ అడిగారు. వీసా పోతుందేమోనని టెన్షన్‌తో వద్దంది. ఇద్దరూ ఒకే కోర్టులో, ఒకే వైపు నిలబడి ఆడతారు. ఎఫ్-1 పిల్లలకు జీతం మాట వస్తే ఏమవుతుంది అన్నా? మేలా, కీడా?

పెన్నా ఒడ్డు:

అక్కా, తప్పులేం లేవు. ఈ చర్చలో అందరికన్నా ముఖ్యమైన ప్రశ్న మీరే అడిగారు.

మీ అమ్మాయి వద్దనడం మంచిదే అయింది. ఎఫ్-1 మీద ఉండి ఇక్కడ ప్రకటన కోసం పనిచేస్తే అది అనుమతి లేని పని కింద లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. 2022లో కెంటకీ బాస్కెట్‌బాల్ జట్టు బహామాస్ వెళ్లినప్పుడు, కాంగో నుంచి వచ్చిన ఆస్కర్ చిబ్వే తన ప్రకటనల పని అక్కడ చేసుకున్నాడు, అమెరికా గడ్డ మీద చేయకూడదు కాబట్టి. దేశంలోనే మేటి ఆటగాడి అవార్డులు గెలిచినవాడి పరిస్థితి అది.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. సీజన్‌లో ఆటగాడి ప్రాక్టీస్, మ్యాచ్‌లు కలిపి వారానికి 20 గంటలు దాటకూడదన్నది ఎన్‌సీఏఏ నియమం (ప్రయాణం, ఫిజియో దగ్గర గడిపే సమయం అందులో రావు). సెమిస్టర్ నడుస్తుండగా ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయవచ్చన్నది వీసా నియమం. నేను ట్యూటర్‌గా చేసింది ఆ నియమం కిందే. మీ అమ్మాయి కోర్టులో పడే కష్టాన్ని యూనివర్సిటీ తన ఉద్యోగమని ఒప్పుకుంటే, దాన్ని కూడా లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని లాంటి క్యాంపస్ పనే అని వాదించడానికి దారి దొరుకుతుంది. "ఉద్యోగి కాదు" అన్నంత కాలం ఆ దారి మూసే ఉంటుంది. అందుకే ఆ మాట కోసం ఇంత పట్టుబడుతున్నాను.

శాంతినగర్ మాస్టారు:

ఇది నాకు తట్టని కోణం. జీతం సంగతి పక్కన పెట్టు బాబూ, గాయాల బాధ్యత కాలేజీదే అన్నదానికి నేను రెండు చేతులూ ఎత్తుతాను. మా రోజుల్లో కబడ్డీ కుర్రాడికి భుజం జారితే సొంత డబ్బుతో ఆటోలో కట్టు కట్టించడానికి తీసుకెళ్లేవాణ్ణి. ఇంత డబ్బున్న దేశంలో ఆ గతి పట్టకూడదు.

ఉద్యోగి అంటే మాత్రం నాకింకా అనుమానమే. ఉద్యోగిని తీసేయొచ్చు కదా? బాగా ఆడలేదని పంతొమ్మిదేళ్ల పిల్లను సెమిస్టర్ మధ్యలో పంపేస్తే?

పెన్నా ఒడ్డు:

నిజమే మాస్టారూ, ఆ ప్రమాదం ఉంది. అందుకే జీతం కన్నా ముందు కాంట్రాక్టులో రాయించాల్సినవి ఉన్నాయి. 2024 ఆగస్టు నుంచి డివిజన్ వన్ (అన్నిటికన్నా పై డివిజన్) కాలేజీలు ఆట కారణంగా స్కాలర్‌షిప్ తగ్గించకూడదు, ఆటలో తగిలిన గాయాలకు కాలేజీ వదిలాక రెండేళ్ల దాకా వైద్య ఖర్చు భరించాలి. నేను పెట్టెలు మోసిన రోజు ఈ నియమాలు ఉండి ఉంటే అతను డిగ్రీ పూర్తి చేసి ఉండేవాడేమో. అయినా మోకాలికి రెండేళ్లు చాలవు. నలభై ఏళ్లకు నొప్పి తిరిగి వస్తుంది. జట్లన్నీ కలిసి యూనియన్‌గా బేరమాడితేనే ఆ రెండు పది అవుతాయి. 2024 మార్చిలో డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 13-2తో యూనియన్‌కు ఓటేశారు, ఏడాది చివర్లో దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. మళ్లీ ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

టెన్నిస్ అమ్మ:

రెండేళ్ల వైద్యం సంగతి మాకు ఎవరూ చెప్పలేదు అన్నా. పోయిన సీజన్‌లో దానికి మణికట్టు నొప్పి వచ్చింది, బయటి డాక్టరు ఫీజు మేమే పంపాం. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు బిల్లులు తీసి పెట్టమంటాను. సోమవారం వాళ్ల ట్రైనర్‌ను అడిగి ఏమన్నారో ఇక్కడే రాస్తాను.