దీర్ఘవ్యాధులున్న విచారణ ఖైదీలకు జైలు వైద్యం చాలునా, బెయిలు ఇవ్వాలా?

గోదావరి గట్టు: పోలియోతో చక్రాల కుర్చీకే పరిమితమైన ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా, మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో నాగపూర్ జైలులో ఏళ్లు గడిపాక 2024 మార్చిలో నిర్దోషిగా విడుదలై, అదే అక్టోబరులో హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. జైలులో తన జబ్బులు ముదిరాయని ఆయనే చెప్పారు. అంత పేరున్నవారి గతే అదైతే, షుగరో కిడ్నీ జబ్బో ఉన్న అనామక ఖైదీ సంగతేమిటి? అటువంటివారికి బెయిలే మార్గమని నా అభిప్రాయం.

వరంగల్ వాసి: జైలులో మాత్రలు ఉచితంగానే ఇస్తారు. మా అమ్మ బీపీ మాత్రల కోసం ప్రభుత్వాసుపత్రిలో తెల్లవారుజాము నుంచి వరుసలో నిలబడి, స్టాకు లేదనిపించుకుని తిరిగివచ్చిన రోజులున్నాయి. ఆమె ఏ నేరమూ చేయలేదు.

మాజీ కంపౌండరు: నేను జైలు ఆసుపత్రిలో పనిచేశాను. సమస్య మాత్రలొక్కటే కాదు. మా దగ్గర రాత్రి భోజనం సాయంత్రం ఐదింటికే పెట్టి, ఆరింటికి బ్యారక్‌కు తాళం వేసేవారు. ఇన్సులిన్ వేయించుకున్నవాడు అన్నం సహించక సగం వదిలేస్తే, అర్ధరాత్రి దాటాక రక్తంలో షుగర్ పడిపోయి, ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడుతుంది. పక్కవాడు కేకలు వేయాలి, వార్డరు వినాలి, తాళంచెవులున్న అధికారి రావాలి. ఈలోగా నోట్లో వేయడానికి బెల్లం ముక్క కూడా ఉండదు. బ్యారక్‌కు ఒక డబ్బా బెల్లం ఉంచమని నేను రాసిన కాగితానికి జవాబు రాలేదు.

వరంగల్ వాసి: బెల్లం పెట్టించండి, కాదనను. బెయిలెందుకు? డబ్బున్నవాడు అరెస్టు కాగానే గుండెనొప్పంటూ ఆసుపత్రిలో చేరడం మనం చూడటం లేదా?

నల్లకోటు: జబ్బుపడినవారికి బెయిలు ఇవ్వవచ్చునని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 437వ సెక్షనులోనూ, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 480వ సెక్షనులోనూ ఉంది. నాటకమైతే మెడికల్ బోర్డు తేలుస్తుంది. మన జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివారే.

గోదావరి గట్టు: రిమాండులో ఉన్న మా తమ్ముడికి కిడ్నీ వైద్యుడు ఇచ్చిన నాలుగు తేదీలలో మూడు, ఎస్కార్టు పోలీసులు లేరన్న కారణంతో తప్పిపోయాయి. కేసు కొట్టేశారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు నేనే తీసుకువెళుతున్నాను. ఎవరో సంపన్నుడు ఆడిన నాటకానికి వాడు బలి కావాలా?

వరంగల్ వాసి: మా ఇంట్లో దొంగతనం చేసినవాడు బెయిలుపై వచ్చి మా వీధిలోనే తిరిగాడు. పోయినది అమ్మ మందుల కోసం దాచిన సొమ్ము. ఆమె బీపీ ఆ రాత్రి నుంచే అదుపు తప్పింది. ఖైదీల ఆరోగ్యం గురించి ఇంత రాసేవారు ఆమె గురించి ఒక్క మాటైనా అడగలేదు. నా కోపం బెయిలు మీద కాదు, దాని మీద.

మాజీ కంపౌండరు: అడగకపోవడం మా తప్పే. అయినా స్టాకు లేకపోతే ఆమె మరో దుకాణానికి వెళ్లగలరు. లోపలివాడి తలుపుకు తాళం వేసింది ప్రభుత్వం కనుక, వాడి ప్రాణానికి అదే పూచీ.

వరంగల్ వాసి: దుకాణంలో కొనే స్తోమత లేకనే గదండీ, ఆమె ఆ వరుసలో నిలబడింది.