అప్‌డేట్: అమ్మ, పిల్లలతో హైదరాబాద్ వండర్‌లా, ఒక్క రోజులో

అమ్మనూ ఇద్దరు పిల్లలనూ తీసుకెళ్తే రావిర్యాలలోని వండర్‌లా వినోద పార్కుకు ఒక్క రోజు సరిపోతుందా అని అడిగాను కదా. సరిపోయింది. సలహాలిచ్చినవారందరికీ ధన్యవాదాలు.

అన్నిటికంటే పనికొచ్చింది, పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలవమన్న మాట. గుమ్మానికి ఆనించి పెన్సిల్‌తో గీత గీస్తే చిన్నవాడు 136 సెంటీమీటర్లు తేలాడు. పెద్ద రైడ్లలో చాలావాటికి 140 ఉండాలి. ఏడుపు ఇంట్లోనే అయిపోయింది, అక్కడ పేచీ లేదు. నీటి ఆటలకు నూలు బట్టలు ఒప్పుకోరని చెప్పినవారికి ప్రత్యేకంగా ఒక దండం. నైలాన్‌వి ముందే కొన్నాం.

మంగళవారం వెళ్లాం, రద్దీ లేదు కాబట్టి, క్యూలో ఎక్కువసేపు నిలబడకుండా రైడ్ ఎక్కించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ల మీద నేను చేసిన చర్చంతా వృథా. పొడి రైడ్లు ముందు ముగించి, భోజనం తర్వాత నీళ్లలోకి దిగాం. అమ్మ వేవ్ పూల్ ఎదుట నీడలో కూర్చుని మా చెప్పులకు కాపలా కాసింది.