"సారపు ధర్మమున్" పద్యంలో దక్షులు ఎవరు?

పర్లాకిమిడి నుంచి అడుగుతున్నా. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభలో చెప్పే తిక్కన పద్యం ఇది, అందరికీ నోటికొచ్చిందే:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబారినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్య శుభదాయక మయ్యును దైవ ముండెడిన్

జార్జ్ ఆర్వెల్ నవల 1984 చదువుతుంటే ఇదే బుర్రలో తిరుగుతోంది, అక్కడ బొంకడానికి ఏకంగా ఒక మంత్రిత్వ శాఖే ఉంది కదా, మరి ఆ కథలో దక్షులు ఎవరంటారు?

బరంపురం: మాస్టారూ, దక్షులంటే పాపం ధర్మాన్నీ, బొంకు సత్యాన్నీ చెడగొడుతుంటే ఆపగలిగీ ఊరుకున్నవాళ్లు, భీష్మద్రోణుల్లాగ. విన్‌స్టన్ ఆ నవల్లో హీరో, ఆ శాఖలోనే పాత పేపర్లు దిద్దే గుమాస్తా, వాడేటి ఆపుతాడు? పైనుండి దేశాన్నేలే పార్టీవాళ్లకి శక్తుంది గానీ వాళ్లది ఉపేక్ష కాదు, బొంకేదే వాళ్లు. దక్షులే లేని సభ అది.

రాయగడ: యుద్ధం సంగతి కూడా చూడండి. కురుక్షేత్రం 18 రోజుల్లో తేలిపోయింది, రాజ్యం ఎవరిదో తేలాలి కాబట్టి. ఆ నవల్లోని మూడు మహారాజ్యాలు ఓషియానియా, యురేషియా, ఈస్టేషియాల్లో ఎవరూ ఎవర్నీ ఓడించలేరు, తేల్చుకోవాలనీ లేదు, ఫ్యాక్టరీ సరుకు జనానికి అందితే కడుపునిండి చదువుకుని ప్రశ్నలేస్తారని దాన్నంతా యుద్ధంలో తగలేస్తారు. పైగా వాళ్లు కొట్టుకునే చోట్లలో దక్షిణ భారతం ఒకటి, అంటే మనమేనండోయ్! అక్కడ ఘనవిజయం అని చెప్పిన వెంటనే చాక్లెట్ రేషన్ 30 గ్రాముల నుంచి 20కి కోస్తారు, మర్నాడు 20కి పెంచినందుకు థాంక్సులంటూ ఊరేగింపులు.

పర్లాకిమిడి: మా ఊరు 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాలోకి వెళ్లింది, అది న్యాయమా కాదా అని పెద్దాళ్లు కొట్టుకున్నారు గానీ ముందునుంచీ ఒరిస్సాలోనే ఉందని ఎవరూ అనలేదు. ఆ నవల్లో అయితే ద్వేషవారంలో ఉపన్యాసం నడుస్తుండగానే శత్రువు మారిపోతాడు, ఎప్పుడూ వీడితోనే యుద్ధం అంటారు, జనం తమ బ్యానర్లు తామే చింపుకుంటారు.

బరంపురం: అందుకే నాలుగో పాదం అక్కడ అతకదు. ధర్మాన్నీ సత్యాన్నీ కాపాడే దైవం ఉండెడిన్, అంటే ఉంటాడు, అన్నాడు తిక్కన, విన్‌స్టన్ చివరికి ఆ పార్టీ అధినేత పెద్దన్న (బిగ్ బ్రదర్)నే ప్రేమిస్తాడు.

రాయగడ: నవల చివర కొత్తభాష (న్యూస్పీక్, పార్టీ తయారుచేసిన భాష) మీద అనుబంధం ఉంది, అదంతా భూతకాలంలో రాశాడు. అంటే ఎప్పుడో పార్టీ పోయినట్టే కదా?

బరంపురం: క్రియాపదం పట్టుకుని దేవుణ్ణి తెచ్చేస్తున్నారు, నేనొప్పుకోను.