సర్జరీ ముందు రక్తం గడ్డల భయం, మన ఊరి బోదకాలు

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర. న్యూజెర్సీ వచ్చి ఏడు నెలలైంది. బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ (కడుపు సంచిలో చాలా భాగం కోసి తీసేసేది) చేయించుకుంటున్నాను, డిసెంబరు మొదటి వారంలో డేట్ ఇచ్చారు. కత్తికి భయం లేదు గానీ, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోతుందని చదివిన దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదు. మా ఇంట్లో అలాంటిది ఎవరికీ లేదని ఫారంలో రాసిచ్చాను. సాయానికి అమ్మ వస్తోంది. సంక్రాంతికి ఇద్దరం కలిసి ఊరెళ్లాలని ప్లాన్. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

*

చెల్లీ, మాది అమలాపురం. రెండేళ్ల క్రితం డాలస్‌లో స్లీవ్ చేయించుకున్నాను. డాక్టర్ని కాదు, నా అనుభవం చెబుతున్నానంతే.

గడ్డ సమస్య 100 మందిలో ఒకరికి కూడా రాదు. కానీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది, అందుకే సర్జన్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు.

నువ్వు రాసిన వాటిలో నన్ను ఆపింది వేరే మాట. "మా ఇంట్లో ఎవరికీ లేదు." నేనూ అదే రాశాను. మన డెల్టాలో ఎవరి కాలు వాచినా పెట్టే పేరు ఒకటే కదా, బోదకాలు. నా చిన్నప్పుడు ఫైలేరియా వాళ్లు రాత్రిపూట టార్చిలైటు వేసుకుని వచ్చి, నిద్రపోతున్న మమ్మల్ని లేపి, వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం చుక్క తీసుకునేవారు. బోదకాలు తెచ్చే క్రిమి రక్తంలో రాత్రే తిరుగుతుందట. అలా పెరిగినవాళ్లకి వాచిన కాలు చూస్తే ఇంకో జబ్బు తట్టదు. బోదకాలు ఏళ్ల తరబడి ముదురుతుంది. గడ్డ అలా కాదు, రోజుల్లోనే ఒక కాలి పిక్క బిగుసుకుని, వేడెక్కి, నొప్పి పెడుతుంది. మా మేనత్తది ఈ రెండోదేనని ఆపరేషన్‌కి పది రోజుల ముందు ఫోన్లో మాటల మధ్య బయటపడింది. కాకినాడ తీసుకెళ్తే పొట్ట మీద సూదులు వేసి, ఆర్నెల్లు రక్తం పలచబడే మాత్రలు వాడించారట. ఊళ్లో మాత్రం ఈరోజుకీ ఆవిడది బోదకాలే!

ఆ సంగతి చెప్పాక మా సర్జన్ ఇంటికెళ్లాక కూడా వేసుకోమని, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఇనాక్సాపరిన్ ఇంజెక్షన్లు రాశారు. అందరికీ రాయరు. కానీ ఈ గడ్డలు ఎక్కువగా పట్టేది డిశ్చార్జి అయ్యాకే. పొట్ట మీద బొడ్డుకి రెండంగుళాలు ఎడంగా మడత పట్టుకుని గుచ్చుకోవాలి, ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. సిరంజిలో కనిపించే గాలి బుడగని బయటికి కొట్టొద్దంది నర్సు. గుచ్చిన చోట రుద్దకు, కమిలిపోతుంది. ఈ మందు పంది పేగుల నుంచి తీస్తారు, పట్టింపు ఉంటే ముందే అడుగు. పిల్లలు పుట్టకుండా ఈస్ట్రోజెన్ మాత్రలు వాడుతుంటే అదీ ఇప్పుడే చెప్పు, సాధారణంగా నెల ముందు ఆపిస్తారు.

ఇక అమ్మ. మన అమ్మలు ఆపరేషన్ అయినవాళ్లని బాలింతలాగే చూస్తారు. "పచ్చి ఒళ్లు" అని మంచం దిగనివ్వరు, నీళ్లు గుక్కెడు మించి పోయరు. గడ్డ కట్టడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. నన్ను ఆ సాయంత్రమే లేపి నడిపించారు. మంచం మీద ఉన్నంతసేపూ పిక్కలకి గాలి ఊదే పట్టీలు. స్లీవ్ అయ్యాక గ్లాసు నీళ్లు ఒక్కసారిగా తాగలేవు, రోజంతా గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి. ఒంట్లో నీళ్లు తగ్గితే కాలేయానికి వెళ్లే సిరలోనూ గడ్డ కట్టొచ్చు. రెండు వారాల తర్వాత కొత్తగా పొట్టనొప్పి వస్తే గ్యాసేలే అని వాము నీళ్లు తాగి కూర్చోకు, ఫోన్ చెయ్యి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం అయితే ఎవర్నీ అడగక్కర్లేదు, 911.

అమ్మకి ఇవన్నీ విమానం ఎక్కకముందే చెప్పు. వచ్చాక చెబితే వినదు.

*

రాజోలా అండీ! మాది భీమవరం, ఇప్పుడు చికాగో. సంక్రాంతి టికెట్లు అప్పుడే కొనకండి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంతో గడ్డ కట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మామూలు మనిషికి అది 6,000 మందిలో ఒకరికి, పట్టించుకోనక్కర్లేదు. ఆపరేషన్ అయిన ఐదో వారంలో ఉన్న మీకు ఆ లెక్క సరిపోదండి. పైగా హైదరాబాద్‌లో దిగాక రాత్రంతా బస్సు. సర్జన్ సరే అంటేనే బయల్దేరండి. అయినా పండగ పూట మనవైపు ఎవరింటికెళ్లినా అరిసె చేతిలో పెట్టకుండా వదులుతారా? ఉగాదికి వెళ్లండి. అమ్మగారినీ విమానంలో గంటకోసారి లేచి నడవమనండి.

*

అక్కా, ఇప్పుడే అమ్మతో మాట్లాడాను. మా పిన్నికి రెండో కాన్పు అయిన మూడో వారంలో ఎడమకాలు వాచిందట. "అది బోదకాలే, దానికీ నీ ఆపరేషన్‌కీ ఏంటే సంబంధం?" అంది. రెండు రోజుల్లోనే వాచిందా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. ఆసుపత్రి కాగితాలు ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉన్నాయట, బాబాయి రేపు ఫోటోలు తీసి పంపుతానన్నాడు. సోమవారం క్లినిక్ తెరవగానే ఫోన్ చేస్తాను.